ఇరవయ్యేడు కలుపు

మా ల్యాబులో గది ఉష్ణోగ్రత ఎప్పుడూ ఇరవయ్యేడు డిగ్రీలే. అనంతపురంలో, మే నెలలో, రేకుల కప్పు కింద, కిటికీలకు నల్ల కాగితం అంటించి, ఫ్యాను ఆపేసిన గదిలో కూడా ఇరవయ్యేడే. నవ్వొస్తే నవ్వండి. నేను మాత్రం ఐదేళ్ళ పాటు ఆ అంకెను నోటుబుక్కులో రాస్తూ ఒక్కసారి కూడా నవ్వలేదు. ఇంతకీ నా పరిశోధన దేని మీదో చెప్పలేదు కదూ. ఉష్ణోగ్రతను కొలవడం మీద.

నేను పని చేసింది కొన్ని తెల్లటి పొడుల మీద. చూడ్డానికి ముగ్గుపిండిలా ఉంటాయి. ఎర్బియం, ఇటర్బియం అనే రెండు అరుదైన లోహాలను చిటికెడు కంటే తక్కువగా కలిపి, కొలిమిలో గంటల తరబడి కాల్చి వాటిని తయారుచేసేదాన్ని. ఆ పొడి మీద కంటికి కనిపించని పరారుణ లేజరు కాంతి వేస్తే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ పచ్చదనంలో పక్కపక్కనే రెండు గీతలుంటాయి. పొడి వేడెక్కే కొద్దీ రెండో గీతతో పోలిస్తే మొదటిది బలపడుతుంది. ఆ రెండింటి నిష్పత్తి చూసి పొడి ఎంత వేడిగా ఉందో చెప్పొచ్చు. ముట్టుకోనక్కర లేదు. తిరుగుతున్న మోటారు లోపల, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల మధ్య, తీగ దూర్చడానికి వీల్లేని చోట ఇంత పొడి పూసి, దూరం నుంచి వెలుగు చూసి వేడి చెప్పెయ్యడమే దీని ప్రయోజనం. ఇంత అందమైన పని నా చేతికొచ్చిందని మొదటి ఏడాదంతా మురిసిపోయాను. ముదిగుబ్బ దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినదాన్ని, లేజరు ముందు కూర్చున్నానంటే మురిసిపోనా మరి.

అయితే వెలుగును డిగ్రీల్లోకి మార్చాలంటే ముందొక పట్టిక కావాలి. ఇంత వేడి దగ్గర ఇంత నిష్పత్తి అని ఒక్కొక్కటే రాసుకుంటూ పోవాలి. అందుకోసం పొడిని ఒక రాగి దిమ్మె మీద పెట్టి, కింద హీటరుతో వేడి చేస్తూ, దిమ్మెలో దూర్చిన థర్మోకపుల్‌తో ఉష్ణోగ్రత చూస్తాం. థర్మోకపుల్ అంటే పెద్ద యంత్రమేం కాదు. రెండు రకాల లోహపు తీగల్ని ఒక కొసన కలిపి ముడేస్తారు. ఆ ముడి వేడిలో ఉంటుంది. రెండో కొసలు బయట, గదిలో ఉంటాయి. మీటరు చూపించేది ముడికీ గదికీ మధ్య ఉన్న తేడాను మాత్రమే. ఆ తేడాకు గది ఉష్ణోగ్రతను కలిపితే అసలు ఉష్ణోగ్రత వస్తుంది.

ఆ కలిపే అంకె ఇరవయ్యేడు. మీటరు పక్కన గోడకు అంటించిన పట్టిక మీద ఎర్ర సిరాతో "ఇరవయ్యేడు కలుపు" అని రాసి ఉండేది. ఎవరు రాశారో తెలీదు. నా ముందున్న సీనియర్లూ కలిపారు, వాళ్ళ ముందున్నవాళ్ళూ కలిపారు. ఏ పుస్తకం తెరిచినా గది ఉష్ణోగ్రత అంటే మూడు వందల కెల్విన్ అనే ఉంటుంది. అంటే ఇరవయ్యేడు డిగ్రీలు. మా గైడు సారు చదువుకున్న చల్లటి ఊళ్ళో ఏడాది పొడుగునా గదులు నిజంగానే ఇరవయ్యేడు దగ్గర ఉండేవట. ఆయన అక్కడి నుంచి డిగ్రీతో పాటు ఆ అంకెను కూడా మూటగట్టుకుని మా ఊరికి తెచ్చారు. ఊరు మారింది గానీ అంకె మారలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. లేజరు ఒక్కటే ఉండేది. కాలేజీ నడిచే నెలల్లో అది ఎమ్మెస్సీ పిల్లల ప్రాక్టికల్స్‌కి పోతుంది. పరిశోధన చేసేవాళ్ళకు దొరికేది సెలవుల్లోనే, అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా. చీకట్లో చేయాల్సిన కొలత కాబట్టి కిటికీలు మూసేవాళ్ళం. గాలి తగిలితే పొడి చల్లారుతుందని ఫ్యాను వేసేవాళ్ళం కాదు. దుప్పట్టా కొంగు పిండితే నీళ్ళు కారేవి. ఆ చెమట తుడుచుకుంటూనే మీటరు చూసి, దానికి ఇరవయ్యేడు కలిపేదాన్ని. ఒకే ఒకసారి డిసెంబరులో లేజరు ఖాళీగా దొరికితే ఒక పొడిని కొలిచాను. మిగతా వాటికీ దానికీ పొంతనే లేదు. సారూ నేనూ కలిసి, పొడి పాడైపోయిందని తేల్చి పారేశాం. నా ఐదేళ్ళ పనిలో కాస్తో కూస్తో నిజమైన కొలత అదొక్కటే.

సంగతి బయటపడింది నాయన వల్ల.

అప్పటికి నా ఐదేళ్ళూ అయిపోయి, పొడిగింపుగా ఇచ్చిన ఆరో ఏడు కూడా చివరికొచ్చింది. సారు జూన్ ఆఖరున రిటైరవుతున్నారు. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆరేళ్ళూ గాల్లో కలిసిపోతాయి. ఒక పేపరు అచ్చయింది కాబట్టి నిబంధన ప్రకారం అర్హత ఉంది. మిగిలింది రాసి, బైండు చేయించి ఇవ్వడమే. మే మొదటి వారంలో నాయన గొర్రెల సంతకని అనంతపురం వచ్చి, చద్దిమూటతో నేరుగా ల్యాబుకే వచ్చాడు. జొన్నరొట్టెలూ చెనక్కాయ ఊరిబిండి పచ్చడీ తెచ్చాడు. ఆరేళ్ళలో ఆయన నా ల్యాబు చూడడం అదే మొదలు.

స్టూలు మీద కూర్చోబెట్టి లేజరు వేసి చూపించాను. చీకట్లో పొడి పచ్చగా వెలిగింది. నాయన మొహం కూడా వెలిగింది.

"ఇది యాంటికి పాపా?" అన్నాడు.

"ఉడుకు కొలిచేదానికి నాయనా. ముట్టుకోకుండానే ఎంత ఉడుకు ఉండాదో చెప్తాది."

"అట్లనా." తలపాగా తీసి మెడ తుడుచుకున్నాడు. "అయితే ఇప్పుడు ఈ గదిలో ఎంత ఉండాది?"

"ఇరవయ్యేడు," అన్నాను. ఆలోచించలేదు. నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

నాయన నా వైపు చూశాడు. వెక్కిరింపేమీ లేదు. నాకేమన్నా జ్వరం గిరం వచ్చిందేమోనని చూసినట్టు చూశాడు.

"ఇరవయ్యేడంటే కార్తీకం కద పాపా. పొద్దున ఫోన్లో చెప్పినారు, ఈ పొద్దు నలభై రెండని. బయట చెట్టు కింద దీనికంటే మేలుగా ఉండాది. ఇంత ఉడుకులో నా గొర్రెలు మేయవు. ఒకదాని పొట్ట కింద ఇంగోటి తల పెట్టుకోని నిలబడతాయి. అదిలించినా కదలవు."

"అది లెక్క నాయనా. మేం అట్ల రాసుకుంటాం," అని నవ్వబోయాను. సగంలో ఆగిపోయింది. గోడ మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి. నాయన ఇంకేదో చెబుతున్నాడు. పొట్టేలు బేరం సంగతి అనుకుంటాను. నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు.

ఆయన్ను బస్సెక్కించి, కెమిస్ట్రీ వాళ్ళ దగ్గర ఒక మామూలు గాజు థర్మామీటరు అడిగి తెచ్చి మీటరు పక్కన పెట్టాను. పది నిమిషాలాగి చూస్తే ముప్పైతొమ్మిదిన్నర. అంటే నేను వంద అని రాసిన ప్రతిచోటా అసలు ఉన్నది నూట పన్నెండున్నర. రెండు వందలన్నచోట రెండు వందల పన్నెండున్నర. ఇది ఒకరోజు లెక్క. మిగతా రోజుల్లో గది ఎంత ఉందో ఆ దేవుడికే తెలియాలి. నా పట్టిక నమ్మి ఎవరైనా మోటారులో పొడి పూస్తే, అది కాలిపోతున్నా ఇంకా పన్నెండు డిగ్రీలు నయంగానే ఉందని చెబుతుంది. నేలమీద చతికిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. బుద్ధిలేనిదానా, బుద్ధిలేనిదానా అని నన్ను నేను తిట్టుకుంటూ ఉండిపోయాను.

ఆ తర్వాతి నాలుగు రోజులు తప్పును ఎలాగోలా దిద్దాలని నానా తంటాలు పడ్డాను. ఏ రోజు కొలిచానో తేదీలున్నాయి. ఆ రోజు గది ఎంత ఉందో మాత్రం లేదు. ఊరి ఎండ లెక్క దొరుకుతుంది గానీ, రేకుల కింద మూసిన గదికి అది పనికిరాదు. చివరికొక ఉపాయం తట్టింది. హీటరు వేయకముందు పొడి గది వేడిలోనే ఉంటుంది కదా. అప్పటి వెలుగు కాగితాల మీద ఉంది. వేడితో వెలుగు ఎలా మారాలో చెప్పే పుస్తక సూత్రాన్ని ఆ వెలుగుకు పెట్టి గది ఎంత ఉందో లెక్కేశాను. ముప్పైతొమ్మిది, నలభై, ముప్పై ఎనిమిదిన్నర. ఆ అంకెలు కలిపి గీస్తే పొడులన్నీ బుద్ధిగా ఒకే దారిలో నడిచాయి. ఎంత చక్కగా కుదిరిందంటే, నాకే భయమేసింది.

ఆ కాగితాలన్నీ పట్టుకుని సారు గదికి వెళ్ళాను. సారు మంచివారు. కోపం తక్కువ. మా జిల్లా మనిషే. ఆయన ముందు కాగితాలు పరిచి జరిగింది చెప్పాను. గోడ మీది ఎర్ర అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నేనీడికి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది," అన్నారు. "ఇరవై ఎనిమిదేళ్ళు ఇరవయ్యేడే కలుపుతానే ఉండా."

అద్దాలు మళ్ళీ పెట్టుకుని, కాగితాలు చూస్తూ అడిగారు.

"ఎవరు కనుక్కున్నారమ్మా, నువ్వేనా?"

"కాదు సార్. మా నాయన. గొర్రెలు కాస్తాడు."

ఆయన పెదాలు నవ్వబోయినట్టు కదిలాయి. నవ్వలేదు. నా చక్కటి దిద్దుబాటు కాగితాన్ని మాత్రం వేలితో పక్కకు తోసేశారు.

"ఇది చెల్లదమ్మా. తూకం రాయి సరిగా ఉండాదా లేదా అని ఆ రాయితోనే తూచి చూసినట్టు ఉండాది. మళ్ళీ కొలుద్దాం. టైముండాది ఇంకా, యాభై రోజులు."

కొలవడానికి సరైన పద్ధతి పాత పుస్తకాల్లో ఉండనే ఉంది. థర్మోకపుల్ బయటి కొసల్ని గదిలో వదిలెయ్యకుండా కరుగుతున్న మంచులో ముంచాలి. మంచు ఎప్పుడూ సున్నా. అప్పుడు కలపాల్సిందేమీ ఉండదు. ఇంత చిన్న పని. కానీ అనంతపురం వేసవిలో మంచు సంపాదించి, ఐదారు గంటలు పూర్తిగా కరిగిపోకుండా నిలపడం ఎంత పనో చేస్తే తెలిసింది. నేనప్పుడు బుక్కరాయసముద్రంలో అద్దె గదిలో ఉండేదాన్ని. పొద్దున్నే జ్యూసు బండి అన్న దగ్గర మంచుగడ్డ కొని, గోనెసంచిలో రంపపు పొట్టు మధ్య చుట్టి, స్కూటీ మీద పెట్టుకుని పోయేదాన్ని. ల్యాబు చేరేసరికి కాళ్ళ దగ్గర బట్టలు తడిసిపోయి ఉండేవి. ఎదురొచ్చినవాళ్ళు విచిత్రంగా చూసేవాళ్ళు. గడ్డను సుత్తితో కొట్టి థర్మాస్ ఫ్లాస్కులో నింపి, కొసలు ముంచి కూర్చునేదాన్ని.

"ఏమ్మా, రోజూ ఇంత గడ్డ యాడికి? పెండ్లా మీ ఇంట్లో?" అని ఒకరోజు జ్యూసు బండి అన్న అడిగాడు.

"తప్పు చేసినానన్నా. దిద్దుకుంటాండా," అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ, ఆ రోజు నుంచి కొంచెం పెద్ద గడ్డే ఇచ్చేవాడు.

సారు కూడా వచ్చి పక్కన కూర్చునేవారు. ఆ వయసులో, ఆ ఉడుకులో, చొక్కా వీపుకు అంటుకుపోయి. నేను చదివితే ఆయన రాసేవారు. కొలవాల్సినవి ఐదు పొడులు. కరెంటు పోతే రాగి దిమ్మె చల్లారిపోయేది, మొత్తం మళ్ళీ మొదలు. రెండు పొడులు పూర్తయ్యేసరికి జూన్ సగానికొచ్చింది. అచ్చయిన పేపరులో ఉన్న పొడి ఈ రెండింటిలో లేదు. దాన్ని చివరికి ఉంచింది నేనే. ముందుగా తీయాల్సిన దాన్ని భయపడి వెనక్కి నెట్టాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

మూడో పొడి పెట్టిన రోజు కరెంటు పోయి, ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజితో తిరిగొచ్చింది. లేజరు టప్పుమంది. మళ్ళీ వెలగలేదు. బాగుచేసేవాళ్ళు బెంగళూరు నుంచి రావాలి. రెండు నెలలు పడుతుందన్నారు. సారు కుర్చీలోంచి లేవలేదు. నేను ఫ్లాస్కులో చెయ్యి పెట్టి మంచుముక్కలు గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయాను. వేళ్ళు మొద్దుబారాయి. ఆ నొప్పి హాయిగా ఉండింది, నిజం చెబుతున్నాను.

ఇక మిగిలింది ఒకటే. పేపరులోని అంకెలు తప్పని మా ఇద్దరికీ తెలుసు. సరైన అంకెలు మాత్రం మా దగ్గర లేవు. నిజాయితీగా చేయాల్సిందేమిటంటే ఆ పత్రికకు రాసి పేపరు వెనక్కి తీసుకోవడం. పేపరు పోతే అర్హత పోతుంది. అర్హత లేకపోతే జూన్ ఆఖరుకు థీసిస్ ఇవ్వలేను. నేను ఉత్తరం టైపు చేశాను. "మా ఉష్ణోగ్రత కొలతలో దోషం ఉంది" అని మొదలుపెట్టి, నాలుగు వాక్యాలు. సారు దాన్ని రెండుసార్లు చదివి, ముందు తను సంతకం పెట్టారు. ఆయన మిగతా పేపర్లన్నీ ఆ ఇరవయ్యేడు మీదే నిలబడి ఉన్నాయి. అయినా పెట్టారు.

"నా పని అయిపోయిందమ్మా, నాకేం పోదు. పోయేదంతా నీదే. అందుకే పంపేదీ పంపకపోయేదీ నేను చెప్పను," అన్నారు.

చెప్పుంటే ఎంత బాగుండేది. పంపమని గదమాయించినా, వద్దని చేతిలోంచి లాక్కున్నా ఆయన మీదకు నెట్టేసి బతికేదాన్ని. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపం.

నేను పంపలేదు. సాకులు చెప్పను. ఊరికి తిరిగిపోయి, ఆరేళ్ళూ ఏం చేశావంటే ఏమీ లేదని చెప్పే ధైర్యం నాకు లేదు. థీసిస్ ఇచ్చానన్న కాగితమైనా చేతిలో లేకపోతే జులైలో రాబోయే లెక్చరర్ ఇంటర్వ్యూకు గడప కూడా తొక్కనివ్వరు. ఉత్తరం మడిచి బీరువాలో చీరల కింద పెట్టాను. థీసిస్‌లో రెండు పొడులు మంచుతో కొలిచినవి, మూడు పొడులు ఇరవయ్యేడు కలిపినవి. కొంచెం తేడా ఉంటే "తయారీలో మార్పుల వల్ల" అని ఒక వాక్యం రాశాను. పరీక్షకులెవరూ అడగలేదు. వైవా రోజున చప్పట్లు కొట్టారు.

నాయన ఆ రోజు తెల్ల పంచె కట్టుకుని వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. అయిపోయాక బయట నా పక్కకొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ఇరవయ్యేడు సంగతి సరిచేసినావా పాపా?"

"చేసినా నాయనా."

"మంచిపని చేసినావు," అని నా భుజం తట్టాడు.

అప్పటి నుంచి పామిడి వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పేరు ముందు డాక్టరని రాసుకుంటున్నాను. పరిశోధన వదిలేశాను. ఎందుకు వదిలేశావని ఎవరైనా అడిగితే టైము లేదని చెబుతాను. మొదటి ఏడాది, రెండో ఏడాది బీరువా తెరిచినప్పుడల్లా రేపు పంపుతాననుకున్నాను. మూడో ఏడాదికి అలా అనుకోవడం కూడా మానేశాను. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడని అప్పుడు తెలిసింది. అది తెలిసినందుకు సిగ్గేసింది.

కిందటేడు వానాకాలం మొదట్లో ఒక మెయిల్ వచ్చింది. కోస్తాలో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి రాసింది. నాలుగో ఏడట. నా పేపరులోని పొడినే తయారుచేసి, దాని మీద ఇంకో మెట్టు కట్టాలని చూస్తోంది. కానీ తన కొలతలు నావాటితో కలవడం లేదు. ఎన్నిసార్లు చేసినా పన్నెండు డిగ్రీల దగ్గర తేడా వస్తోంది. "నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి మేడమ్" అని అడిగింది. కొలతల కాగితాలన్నీ జతచేసింది.

తెరిచి చూశాను. ఎంత శుభ్రమైన పని. గది వేడిని తనంతట తానే చూసుకుని కలుపుకునే కొత్త రకం మీటరు ఆ అమ్మాయి దగ్గర ఉంది. ఆమె అంకెలన్నీ సరైనవే. నేను ఆ రోజు ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. ఏం రాశానో తెలుసా. పొడి రాగి దిమ్మెకు సరిగ్గా అంటుకుంటోందో లేదో చూసుకో, చాలామంది అక్కడే పొరపాటు చేస్తారు, అని రాశాను. చివర్న శుభాకాంక్షలు కూడా చెప్పాను.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ రాసింది. ముందు నాకు కృతజ్ఞతలు చెప్పింది. నేను చెప్పినట్టే దిమ్మె మార్చిందట, పొడిని రకరకాలుగా నొక్కి చూసిందట, పదహారు సార్లు కొలిచిందట. అయినా కలవలేదు. అచ్చయిన అంకెలు తప్పెలా అవుతాయి, నీ పనితనమే బాగాలేదని వాళ్ళ గైడు అన్నారట. "ఆయన చెప్పింది నిజమేనేమో మేడమ్. నాకు ఈ పని చేతకాదనిపిస్తోంది. వచ్చే నెల మానేద్దామనుకుంటున్నాను. మీరు ఓపిగ్గా జవాబిచ్చినందుకు వెళ్ళేముందు చెప్పాలనిపించింది" అని రాసింది. కింద ఫోన్ నంబరుంది.

స్టాఫ్ రూములో కూర్చుని చదివాను. పక్కన తెలుగు మేడమ్ టిఫిన్ డబ్బా తెరుస్తూ తిందాం రమ్మంది. ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికొచ్చాను. ఆమె పదహారు సార్లు కొలిచింది. పదహారు సార్లూ సరిగ్గా కొలిచింది. సరిగ్గా కొలిచిన ప్రతిసారీ తన చేతులనే తిట్టుకుంది. ఆ తిట్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. నేను తిట్టుకున్నప్పుడు తప్పు నాది. ఆ పిల్ల ఏం చేసిందని? నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. నేనెవరో చెప్పగానే కంగారుపడి, "మేడమ్, మీరే చేశారా" అంది. చిన్న గొంతు. వెనక ల్యాబులో ఏదో పంపు తిరుగుతున్న చప్పుడు.

"నీ అంకెలు సరైనవమ్మా," అన్నాను. "మొదటిసారి పంపినప్పుడే సరైనవి. తప్పు నాది. అచ్చయిందే తప్పు. గది ఉష్ణోగ్రత కొలవకుండా ఇరవయ్యేడు కలిపాం. ఆ రోజుల్లో మా గది ముప్పైతొమ్మిది, నలభై ఉండేది. నీ పన్నెండు డిగ్రీలు అవే."

ఆగకుండా గబగబా చెప్పుకుపోయాను. పత్రికకు ఈ రోజే రాస్తున్నానని, ఉత్తరం సిద్ధంగా ఉందని, వాళ్ళ గైడుకు కూడా నేనే ఫోన్ చేసి చెబుతానని, చదువు మానొద్దని. నా పట్టా ఉన్నా ఊడినా నేను చూసుకుంటానని కూడా అన్నాను. ఆమెకు దాంతో పనేముంది. అయినా అన్నాను.

అంతా విని, ఆమె ఒక్కటే అడిగింది.

"ఈ తప్పు మీకు ఎప్పుడు తెలిసింది మేడమ్? నేను మెయిల్ చేశాకేనా?"

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. అంత దూరం వచ్చాక కూడా, ఇంకొక్క అబద్ధం చెప్పి కాస్త మంచిదాన్ని అనిపించుకోవాలని నా మనసు లాగింది. ఎదురుగా ఎండలో సైకిళ్ళ సీట్లు మెరుస్తున్నాయి.

"కాదమ్మా," అన్నాను. "నాలుగేళ్ళ కిందట."

ఆమె ఫోను పెట్టెయ్యలేదు. తిట్టలేదు. అవతల ఆ పంపు చప్పుడు ఆగిపోయింది, ఎవరో తలుపు వేశారు, తర్వాత ఆమె ఏడవడం వినిపించింది. ఆమె పెట్టేసేదాకా నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.